తిరుపతి చుట్టుపక్కల ఆదిమానవుడి జాడలు: ఎక్కడ ఏం చూడొచ్చు, ఎక్కడ దిగొచ్చు

తిరుపతి వచ్చినవాళ్ళు దర్శనం అయ్యాక మహా అయితే కాళహస్తి, కాణిపాకం చూసుకుని రైలెక్కేస్తారు. ఈసారి నేనూ, గ్రూప్స్‌కి చదువుతున్న మా అక్క కొడుకూ వేరే పని పెట్టుకుని బయల్దేరాం. ఈ నేల మీద మనిషి వదిలిన తొలి గుర్తులు ఎక్కడెక్కడున్నాయో వెతుక్కుంటూ తిరగాలని. లక్షల ఏళ్ళ నాటి రాతి పనిముట్ల దగ్గర్నుంచి ఇనుప యుగం సమాధుల దాకా అన్నీ తిరుపతి నుంచి రెండు మూడు గంటల దూరంలోనే ఉన్నాయి. కూతవేటు దూరంలో ఇంత పెట్టుకుని మనవాళ్ళు ఎందుకు వెళ్ళరో నాకు అర్థం కాదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు బస సంగతి. విష్ణు నివాసం, శ్రీనివాసం దర్శనానికి వచ్చినవాళ్ళకే చాలవు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. మేము మొదట స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ, శనివారం రేటు వేరంటూ ఫోన్లో చెప్పినదాని కన్నా ఎక్కువ అడిగారు. పైగా వేడినీళ్ళు తెల్లవారుజామునే వచ్చి ఆగిపోతాయి. మర్నాడు రేణిగుంట రోడ్డు వైపు మారిపోయాం. ఈ ప్రయాణానికి అదే సరైన చోటు. గుడిమల్లానికి పోవాలన్నా, పుత్తూరు మీదుగా పూండికి పోవాలన్నా ఊళ్ళో ట్రాఫిక్‌లో ఇరుక్కునే పని ఉండదు.

అన్నిటికన్నా ముందు పూండి చూడండి. తిరువళ్ళూరు జిల్లాలో, తమిళనాడులో ఉంది. పుత్తూరు, నాగలాపురం, ఊత్తుకోట మీదుగా కారులో వెళ్ళొచ్చు. దారిలో సురుటుపల్లిలో శయనించిన శివుడి గుడి ఉంది, పది నిమిషాలు ఆగితే చాలు. మన తెలుగు గంగ నీళ్ళు చేరేది పూండి రిజర్వాయర్‌కే. ఆ చెరువు పక్కనే తమిళనాడు పురావస్తు శాఖ వాళ్ళ చిన్న మ్యూజియం ఉంది. బయట నుంచి చూస్తే ఏముంటుందిలే అనిపిస్తుంది. లోపల మాత్రం మాకు టైమే తెలియలేదు.

అక్కడ ఒక చేతిగొడ్డలి ముందు చాలాసేపు నిలబడ్డాను. అరచేతి కన్నా కాస్త పెద్దది, క్వార్ట్‌జైట్ రాయి. మొదలు గుండ్రంగా, చేతిలో ఒదిగేట్టు ఉంది. పైకి పోయేకొద్దీ సన్నబడి మొనదేలింది. రెండు వైపులా పెచ్చులు లేపిన గుంటలు, ఒక గుంట అంచు మీదకి ఇంకో గుంట. ఏ దెబ్బ ముందు పడిందో, ఏది తర్వాత పడిందో జాగ్రత్తగా చూస్తే తెలిసిపోతుంది. చేతికి దొరికిన రాయిని పగలగొడితే ఇలా రాదు. మొదటి దెబ్బ వేయకముందే చివరికి ఎలా ఉండాలో ఆ మనిషి మనసులో ఉంది. ఆ పని ఇంకొకరి పక్కన కూర్చుని, చూసి నేర్చుకున్నదై ఉండాలి. సంస్కృతి అని మనం అనేది అక్కడే మొదలైందని నా నమ్మకం.

ఇలాంటి పనిముట్లు దొరికిన అత్తిరంపాక్కం పూండికి దగ్గర్లోనే ఉంది. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే నెలలో చెన్నై దగ్గర పల్లావరంలో మన దేశపు తొలి పాత రాతియుగం పనిముట్టును గుర్తించాడు. అదే ఏడాది విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో మరిన్ని కనిపెట్టాడు. పురావస్తు పరిశోధకురాలు శాంతి పప్పు బృందం అక్కడ ఏళ్ళ తరబడి తవ్వి, ఆ చేతిగొడ్డళ్ళు సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో ప్రకటించింది. కాస్మిక్ కిరణాల వల్ల రాయిలో పుట్టే అల్యూమినియం, బెరీలియం ఐసోటోపులు, అంటే ఆ మూలకాల రేడియోధార్మిక రూపాలు, రాయి మట్టిలో పూడిపోయాక తరిగిపోతూ వస్తాయి. ఎంత మిగిలిందో కొలిచి లెక్క కట్టారు.

"అప్పటికి మనం పుట్టామా మామా?" అన్నాడు మావాడు. పుట్టలేదు. మన జాతి, అంటే హోమో సేపియన్స్ ఎముకల్లో ఇప్పటిదాకా దొరికిన అతి పాతవి మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌వి, దాదాపు 3 లక్షల ఏళ్ళ నాటివి. అత్తిరంపాక్కంలో గొడ్డళ్ళు చెక్కినవాళ్ళు మనకన్నా ముందు తరాల మానవులు. హోమో ఎరెక్టస్ అయి ఉండొచ్చని ఎక్కువమంది అంటారు. కానీ అక్కడ జంతువుల పళ్ళు దొరికాయి గానీ మనిషి ఎముక దొరకలేదు. మన దేశంలో మనకన్నా ముందు తరాల మనిషి పుర్రె భాగం 1982లో నర్మద ఒడ్డున హత్నోరాలో భూగర్భ శాస్త్రవేత్త అరుణ్ సోనాకియాకి దొరికింది. ఇంకో సంగతి ఉంది. పెద్ద గొడ్డళ్ళు వదిలేసి, రాయిని ముందుగా సిద్ధం చేసుకుని సన్నటి పెచ్చులు తీసే పద్ధతి అత్తిరంపాక్కంలో సుమారు 3,85,000 ఏళ్ళ కిందటే మొదలైందని 2018లో తేలింది. ఆ పద్ధతిని ఆఫ్రికా నుంచి మన జాతివాళ్ళే చాలా తర్వాత తెచ్చారన్న పాత వాదన దీంతో గట్టి దెబ్బ తింది.

తవ్వకాల చోట చూడ్డానికి వానకి కోసుకుపోయిన గండ్లు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. పిల్లల్ని తీసుకెళ్తే మ్యూజియం చాలు. బయట రాయి కనబడితే మాత్రం తీసి జేబులో వేసుకోకండి, చోటు మారితే ఆ రాయి చెప్పే కథ పోతుంది. మ్యూజియం ఏ రోజు మూస్తారో ముందే కనుక్కుని బయల్దేరండి.

రేణిగుంట దగ్గర రాళ్ళకాలవ అనే వాగు కూడా చరిత్రలోకి ఎక్కిన చోటే. పురావస్తు పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తి ఇక్కడ సన్నటి రాతి బ్లేడ్లు, ఉలి లాంటి మొనలున్న పనిముట్లు గుర్తించి 1968లో ప్రచురించారు. అవి పాత రాతియుగం చివరి దశవి. తర్వాత ఆయనే యానాదులు, ఎరుకలవాళ్ళు ఏ కాలంలో ఏం సేకరిస్తారో, ఎలా వేటాడతారో దగ్గరుండి చూసి, పాతకాలపు జీవితాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం చేశారు. ఆ పని నాకు చాలా గొప్పగా తోస్తుంది. కాకపోతే యాత్రగా వెళ్ళి చూసేందుకు అక్కడ బోర్డు గానీ, గది గానీ లేవు. దారిన పోతూ తలుచుకోవాల్సిందే.

పాపానాయుడుపేట, గుడిమల్లం ఒక పూటలో అయిపోతాయి. రేణిగుంట నుంచి ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ, వెయిటింగ్‌తో సహా ముందే ఖాయం చేసుకోండి. మా ఆటో అతను నెమ్మదస్తుడు, "నిదానంగా చూసుకోండి సార్, నాకేం తొందర లేదు" అన్నాడు. పాపానాయుడుపేట గాజు పూసలకు పేరుపడ్డ ఊరు. కరిగిన గాజును సన్నటి గొట్టంలా లాగి ముక్కలు కోసే ఆ పద్ధతికి రెండు వేల ఏళ్ళ పైబడిన వయసుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికిన పాతకాలపు పూసలూ అలా చేసినవే. మనిషి పూసలు గుచ్చుకోవడం ఇంకా ఎంతో పాతది. దక్షిణాఫ్రికాలో బ్లోంబోస్ గుహలో 75 వేల ఏళ్ళ నాటి గవ్వ పూసలు దొరికాయి. కడుపు నిండాక అందం గురించి, తనెవరో ఎదుటివాడికి చెప్పుకోవడం గురించి ఆలోచించిన మనిషి వాడు.

గుడిమల్లం పరశురామేశ్వరుణ్ణి చూస్తే వేటగాడి రూపం ఇక్కడ దేవుడిగా నిలిచిందనిపిస్తుంది. సుమారు ఐదడుగుల లింగం మీద నిలబడ్డ శివుడు. ఒక చేత కాళ్ళు పట్టి వేలాడదీసిన పొట్టేలు, ఇంకో చేత చిన్న పాత్ర, భుజాన గొడ్డలి. కాళ్ళ కింద మరుగుజ్జు యక్షుడు. క్రీస్తుపూర్వం 2వ లేదా 1వ శతాబ్దం నాటిదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. జనం తక్కువ. తోపులాట లేకుండా దగ్గర నుంచి చూడొచ్చు. పూజారిగారిని అడిగితే విడమరిచి చెప్పారు.

చివరిది బాపనత్తం, పలమనేరు దాటాక. తిరుపతి నుంచి ఒక్కరోజులో వెళ్ళి రావచ్చు గానీ బాగా అలసిపోతారు. పలమనేరులో ఉండటం మేలు. బెంగళూరు హైవే మీది ఊరు కాబట్టి లాడ్జీలు ఉన్నాయి, సాదాగా ఉన్నా బేరాలు లేకుండా గది ఇచ్చారు. రాత్రి తిన్న రాగి సంగటి, ఊరుబిండి ఈ ప్రయాణం మొత్తంలో మంచి భోజనం.

దారి అడిగితే మేకలు తోలుకుపోతున్న ఒకామె, "పాండవుల గుళ్ళా నాయనా? అద్దో ఆ బండ మింద ఉండాయి, పోండి" అని చెయ్యి చూపించింది. ఆ బండ పేరు ఇరళబండ, దాని మీది సమాధులు ఇనుప యుగానివి. పెద్ద పెద్ద రాతి పలకల్ని నిలబెట్టి, పైన మరో పలక కప్పారు. చుట్టూ నిలబెట్టిన పలకల్లో కొన్నిటి పై అంచును గుండ్రంగా చెక్కారు. వాటి పక్కన నిలబడితే మన తల వాటికి అందదు. బతికున్నవాళ్ళ ఇళ్ళు ఒక్కటీ మిగల్లేదు, చచ్చిపోయినవాళ్ళ కోసం కట్టినవి మిగిలాయి. అంత బరువు ఎత్తాలంటే ఊరంతా కలిసి రావాలి. చనిపోయినవాళ్ళ మీద ఉన్న ప్రేమో, భయమో, రెండూనో.

చిత్తూరు జిల్లాలో ఇలాంటివి మరికొన్ని చోట్ల రాతి క్వారీలకీ, గుప్తనిధుల వేటగాళ్ళకీ బలైపోయాయి. ఇక్కడికి కాపలా మనిషి, దారి చూపే బోర్డు కావాలని నేను జిల్లా కలెక్టర్‌గారికి అర్జీ పెట్టాను. చూసొచ్చినవాళ్ళు మీరూ పెట్టండి. వెళ్ళేటప్పుడు నీళ్ళు, తినడానికి ఏదైనా పలమనేరులోనే కొనుక్కోండి, బండ దగ్గర అంగళ్ళు లేవు. ఎండాకాలం వద్దు, సంక్రాంతికి అటూ ఇటూ వెళ్ళండి.