పిడుగు పడ్డ కెంపు అంటే నమ్మొద్దు

నెల్లూరు, కావలి చుట్టుపక్కల వాళ్లు దయచేసి ఇది చదవండి. ఒకాయన చేతిపెట్టెతో ఇళ్లకొచ్చి "పిడుగు పడ్డ కెంపులు" అమ్ముతున్నాడు. నాయన ఉంగరం కోసం 18,000 రూపాయలు పెట్టి నేనూ ఒకటి కొన్నాను.

వెలుగొండ మీద పిడుగు పడ్డచోట దొరికిందట, ఆ వేడికి లోపలి మకిలంతా కాలిపోయి ఎరుపు తేలిందట. సెల్‌ఫోను లైటు కింద రాయిని మెల్లగా తిప్పితే లోపల నీలంగా ఒక తళుకు మెరిసి మాయమైంది. "మెరుపు ఇంకా లోపలే ఉంది, చూడన్నా" అన్నాడు. అది చూసే డబ్బు తీశాను.

ఉంగరం బిగువైందని కంసాలి దగ్గరికి పోయాం. కెంపుకేం కాదులే అని ఆయన రాయి తీయకుండానే వేడిచేసి, ద్రావకంలో (యాసిడ్‌లో) వేసి తీశాడు. రాయి నిండా సాలెగూడులా తెల్లటి గీతలు. నాయన దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. ల్యాబులో పరీక్ష చేయిస్తే, సీసం కలిసిన గాజు నింపిన కెంపు అని రాసిచ్చారు. పగుళ్లున్న నాసిరాయిలోకి గాజు కరిగించి ఎక్కిస్తారు. 2004 ప్రాంతం నుంచీ ఇవి బజారులో ఉన్నాయి. నీలం తళుకు ఆ గాజుదే. నిమ్మరసం తగిలినా అది పాడవుతుంది.

పిడుగు సంగతి కూడా అప్పుడే తెలుసుకున్నాను. దాని దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీలకు వేడెక్కుతుంది, నిజమే. కానీ అది రెప్పపాటు కూడా ఉండదు. కెంపు రంగు తేలాలంటే కొలిమిలో గంటల తరబడి కాలాలి. పిడుగు దెబ్బకు ఒక్కసారిగా వేడెక్కిన రాయి బీటలిస్తుంది, లోపల తడి ఉంటే ఆవిరై పగలగొడుతుంది. కెంపు గట్టితనం 9, వజ్రానిది 10 అంటారే, అది గీత పడకపోవడం గురించి. పగలదని కాదు. పిడుగు నిజంగా తయారుచేసేది ఇసుకలో, గరుకైన గాజు గొట్టాన్ని. దానికీ ఉంగరానికీ సంబంధం లేదు.

పొలం దున్నుతుంటే దొరికే నున్నటి గొడ్డలి రాళ్లను పిడుగుతో పడ్డవని నమ్మి మన పెద్దలు పిడుగురాళ్లనేవాళ్లు. అవి కొత్తరాతియుగం మనుషులు అరగదీసిన పనిముట్లు. ఆ నమ్మకాన్నే వీడు అమ్ముకుంటున్నాడు.

కొనాలనుకుంటే ముందు పది రెట్లు చూపే భూతద్దంతో చూడండి. లోపల గుండ్రటి గాలిబుడగలు కనబడితే అది గాజో, గాజు నింపిందో అయ్యుండొచ్చు. "గాజు నింపలేదు" అని బిల్లు మీద రాసివ్వమనండి, ల్యాబు కాగితం వచ్చాకే డబ్బివ్వండి. మాకు బిల్లే లేదు, ఇచ్చిన ఫోను నంబరు పలకడం లేదు. పోయిన వారం మా పక్క వీధిలో ఒక పెద్దామెకు ఇదే కథ చెప్పి 5,000 అడ్వాన్సు తీసుకెళ్లాడని నిన్ననే తెలిసింది. మీ ఇంటికొచ్చి లైటు కింద రాయి తిప్పబోతే, అక్కడే ఆపించి పంపేయండి.