గడియారాన్ని ఒక్కసారిగా తిప్పాలా, మెల్లగా సర్దాలా: ఏది మేలు?

సర్వర్ గడియారం మూడు సెకన్లు ముందుకు పోయిందని తేలితే దాన్ని దిద్దడానికి రెండు దారులున్నాయి. ఆ మూడు సెకన్లూ ఒక్కసారిగా వెనక్కి తిప్పేయడాన్ని స్టెప్ అంటారు. నడకను కాస్త నెమ్మదింపజేసి, అసలు సమయం వచ్చి కలిసేదాకా ఓపిక పట్టడాన్ని స్లూ అంటారు. గడియారాన్ని నడిపే క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షల్లో పది వంతులు తప్పినా రోజుకు 0.864 సెకను తేడా వస్తుంది కనుక, ఏ యంత్రానికైనా ఈ దిద్దుబాటు తప్పదు.

పనిలో ఉన్న సర్వర్‌కు స్లూనే మేలని నా నిశ్చితాభిప్రాయం. ఒకసారి సర్వర్ పనులు సమయంతో సహా నమోదయ్యే ఒక లాగ్‌లో చెల్లింపు 10:15:02కు అందినట్టు, దాని రసీదు 10:14:59కు వెళ్లినట్టు కనిపించింది. మేము ఒక పూటంతా కోడ్‌లో తప్పు వెతికాం. చివరికి చూస్తే ఆ రెండు పనుల నడుమ గడియారం వెనక్కి జరిగింది. స్లూలో సమయం ఎన్నడూ వెనక్కి నడవదు, అందువల్ల ముందూ వెనుకల వరుస చెడదు.

అయితే స్లూకూ మూల్యం ఉంది. లినక్స్ కెర్నల్‌లో (ఆ వ్యవస్థ మూలభాగంలో) ఎన్‌టీపీడీ అనే సమయం సరిచేసే ప్రోగ్రామ్ వాడే స్లూ వేగానికి పరిమితి 500 పీపీఎం (పది లక్షల్లో 500 వంతులు), అంటే సెకనుకు అర మిల్లీసెకను; మూడు సెకన్లు సర్దడానికి గంటా నలభై నిమిషాలు పడుతుంది. అదే పని చేసే మరో ప్రోగ్రామ్ క్రోనీ లినక్స్‌పై మామూలుగా సుమారు 83,333 పీపీఎం దాకా వెళ్లగలదు కాబట్టి 36 సెకన్లలో ముగించగలదు, కానీ ఆ కాస్సేపూ ప్రతి సెకను కొలతా ఎనిమిది శాతానికి పైగా తప్పుతుంది. వ్యవధులు కొలవడానికి యంత్రంలో విడిగా ఉండే, ఎప్పుడూ ముందుకే నడిచే మోనోటానిక్ గడియారాన్ని స్టెప్ తాకదు, స్లూ తాకుతుంది. ఈ ఒక్క విషయంలో స్టెప్‌దే పైచేయి అని ఒప్పుకోవాలి.

తేడా పెద్దదైతే తీర్పు మారుతుంది. 500 పీపీఎంతో పది నిమిషాలు సర్దాలంటే దాదాపు 14 రోజులు కావాలి. తేడా తగినంత తగ్గేదాకా 30 సెకన్లకోసారి మారే ఓటీపీ కోడ్‌లు సరిపోలవు, సాధారణంగా ఐదు నిమిషాల తేడా వరకే సహించే కెర్బెరోస్ అనే గుర్తింపు తనిఖీ వ్యవస్థ లాగిన్‌లను తిరస్కరిస్తుంది. అలాంటప్పుడు సేవలన్నీ ఆపి, స్టెప్ చేసి, మళ్లీ మొదలుపెట్టడమే మంచిది.

అందుకే క్రోనీలో మేక్‌స్టెప్ 1.0 3 అనే అమరికను నేను ఇష్టపడతాను: సెకను మించిన తేడాను మొదటి మూడు దిద్దుబాట్లలోనే స్టెప్‌తో తీర్చి, ఆ తర్వాత అంతా స్లూకే వదులుతుంది. దానితోపాటు, సమయం కుదిరేదాకా డేటాబేస్ మొదలుకాకుండా చూడాలి. క్రోనీకి ఆదేశాలిచ్చే క్రోనీసీ అనే సాధనంలో వెయిట్‌సింక్ ఆదేశం ఉన్నది అందుకే.