పాలమూరు, నల్లగొండ దారుల్లో ఫుడ్ బ్లాగర్ పని: ఏ ఊళ్లో దిగాలి, ఏ వేళకు తినాలి

హైదరాబాద్ నుంచి దక్షిణానికి రెండు పెద్ద దారులు. 65 నంబరు హైవే చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ పోతుంది. 44 నంబరు హైవే షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి దాటి కర్నూలు చేరుతుంది. తిండి వీడియోలు తీసి బతికేవాళ్లు ఈ రెండింటినీ ఒకే మూడు రోజుల ట్రిప్పులో ఇరికించాలని చూస్తారు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, కొండమల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ మీదుగా కోదాడ దాకా 167 నంబరు హైవే ఉంది కాబట్టి మ్యాపులో ఆశ పుడుతుంది. ఆ రోడ్డెక్కితే మాత్రం ఒక పూట పోయినట్టే. టిఫిన్ వేళకో, మాంసం కూర దింపే వేళకో పొయ్యి దగ్గర ఉండాల్సిన మనిషి కారులో కూర్చుని ఉంటాడు.

ఒక ట్రిప్పుకు ఒక దారి చాలు. మొదటిసారి వెళ్లేవాళ్లకు పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు, అంటే 44 నంబరు దారే మేలు. జొన్న రొట్టె, కృష్ణా నది చేప, గద్వాల ఉగ్గాని (బొరుగుల టిఫిన్) ఒకే వరసలో దొరుకుతాయి. విజయవాడ హైవే మీద హోటళ్లు పెద్దవి, పార్కింగ్ బాగుంటుంది, బాత్రూములు శుభ్రం. మెనూ మాత్రం చౌటుప్పల్‌లో చూసిందే సూర్యాపేటలోనూ కనిపిస్తుంది. నల్లగొండ రుచి కావాలంటే నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగి నల్లగొండ, హాలియా, మిర్యాలగూడ వైపు తిరగాల్సిందే.

గది సంగతి. పాలమూరు వైపు పని పెట్టుకుంటే మకాం మహబూబ్‌నగర్ పట్టణంలో పెట్టాలి. హైవే మీద జడ్చర్లలో దిగితే దారి కలిసొస్తుందని అనిపిస్తుంది, కానీ రాత్రంతా లారీల హారన్లు. వాయిస్ ఓవర్ చెప్పుకోవడానికి పనికిరాదు. మహబూబ్‌నగర్ అక్కడికి 15 కిలోమీటర్ల దూరమే. నల్లగొండ వైపైతే నల్లగొండ, మిర్యాలగూడ రెండూ పనికొస్తాయి. నాగార్జునసాగర్‌లో పర్యాటక శాఖ వారి విజయ విహార్ జలాశయం పక్కనే ఉంటుంది, కిటికీలోంచి నీళ్లు కనిపిస్తాయి. డ్యామ్ 26 గేట్లలో నాలుగు ఎత్తినా చాలు, ఆ శని ఆదివారాలు గది దొరకదు, దొరికినా రోడ్డు మీద కారు కదలదు. వరద చూపించడమే వీడియో అయితే వెళ్లండి. తిండి కోసమైతే మామూలు రోజున, వారం మధ్యలో వెళ్లాలి.

జిల్లా కేంద్రాల్లో ఏసీ గది సాధారణంగా 1,500 నుంచి 3,000 రూపాయల మధ్య వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. బిల్లులో ఇంకా 12 కనిపిస్తే అడగాలి. ఫోన్లో బుక్ చేసేముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. జనరేటర్ ఉందా అంటే ఎవరైనా ఉందనే అంటారు. కరెంటు పోయినప్పుడు ప్లగ్గులు పనిచేస్తాయా అని అడగండి. చాలా లాడ్జీల్లో జనరేటర్ మీద లైటూ ఫ్యానూ తిరుగుతాయి, ల్యాప్‌టాప్ ఛార్జి కాదు. మంచం పక్కన కాకుండా బల్ల దగ్గర ప్లగ్గు ఉందా? చెక్అవుట్ 24 గంటల లెక్కనా, మధ్యాహ్నం 12కా? పాత లాడ్జీలు చాలావరకు 24 గంటల లెక్కే నడుపుతాయి. ఈ పనికి అదే మంచిది. రాత్రి ఏడింటికి దిగితే మర్నాడు రాత్రి ఏడు దాకా గది మనదే. మధ్యాహ్నం వచ్చి ఫుటేజీ దింపుకుని ఓ గంట పడుకోవచ్చు. యాప్‌లో బుక్ చేస్తే అదే లాడ్జి పదకొండింటికే ఖాళీ చేయమంటుంది. పెళ్లి ముహూర్తాలున్న వారంలో ఫంక్షన్ హాలు పక్కన గది తీసుకోవద్దు, బరాత్ డీజే అర్ధరాత్రి దాకా ఆగదు. జాతరలూ చూసుకోవాలి: దీపావళి తర్వాత కురుమూర్తి, నార్కట్‌పల్లి పక్కన చెర్వుగట్టు, రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు (2023, 2025 ఫిబ్రవరుల్లో జరిగింది). జాతర తిండి తీయడానికే వెళ్తే సరే, లేకపోతే ఆ రోజుల్లో ఆ దారి పట్టొద్దు.

వైఫై మీద నమ్మకం పెట్టుకోవద్దు. 4కే, సెకనుకు 30 ఫ్రేములు, హెచ్ఈవీసీలో (ఫైలు సైజు తగ్గించే ఫార్మాట్) తీస్తే నిమిషానికి దాదాపు 170 ఎంబీ. రోజుకు రెండు గంటలు తీసేవాళ్లకు 20 జీబీ అవుతుంది. లాడ్జి నెట్‌లో అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ వచ్చినా ఆ 20 జీబీ ఎక్కడానికి నాలుగున్నర గంటలు పడుతుంది. అందుకే ముడి ఫుటేజీని క్లౌడ్‌కు పంపే ఆలోచన మానేసి, రాత్రికి రాత్రే చిన్న ఎస్ఎస్‌డీలోకి (బయట తగిలించే స్టోరేజీ) కాపీ చేసి, ఎడిట్ చేసిన ఒక జీబీ ఫైలు మాత్రమే ఎక్కించాలి. దానికి పావుగంట చాలు. కాపీ సరిగ్గా పడిందో లేదో రెండు మూడు క్లిప్పులు తెరిచి చూశాకే ఫోన్లోంచి తీసేయాలి. ఎస్ఎస్‌డీ ఒక సంచిలో, ఫోన్ ఇంకో సంచిలో.

ఇక రోజు. టిఫిన్ సెంటర్లు పొద్దుగాల ఆరింటికల్లా పెనం వేడెక్కిస్తాయి. ఏడున్నర దాటితే గిరాకీ పెరిగి, మాస్టర్ ముందు కెమెరా పెట్టడానికి జాగా ఉండదు, పెట్టినా అతని పనికి అడ్డం. చలికాలంలో ఆరింటికి బయట ఇంకా చీకటే, లోపల ట్యూబ్‌లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ దీపాలు సెకనుకు నూరుసార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు కానీ ఫోన్ ఆటోలో ఉంటే దృశ్యం మీద నల్లటి చారలు పాకుతాయి. షట్టర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100 దగ్గర పట్టి ఉంచి, 25 ఫ్రేముల్లో తీస్తే చారలు పోతాయి. పొయ్యి మీద పసుపు బల్బు, వెనక తెల్లటి ట్యూబ్ ఉంటే చట్నీ రంగు ఒక్కో షాట్‌లో ఒక్కోలా వస్తుంది. వైట్ బ్యాలెన్స్ (దీపాన్ని బట్టి రంగులు సర్దే సెట్టింగ్) ఆటో తీసేసి ఒక అంకె మీద నిలపాలి. ఏసీ గదిలోంచి తీసుకొచ్చిన కెమెరాను నేరుగా ఇడ్లీ ఆవిరి ముందు పెడితే లెన్స్ మసకబారుతుంది. పావుగంట ముందే సంచి జిప్పు తెరిచి ఉంచాలి.

గద్వాలలో పొద్దున ఉగ్గాని తీయాలంటే చేయి వేగంగా ఉండాలి. నానబెట్టి పిండిన బొరుగులు తాళింపులో పడి పుట్నాల పొడి కలిసిన నాలుగైదు నిమిషాలే పొడిపొడిగా ఉంటాయి, ఆ తర్వాత ముద్ద కడతాయి. కలిపే షాటు ముందు తీసి, ప్లేటు షాటు వెంటనే, మాటలు చివర్న చెప్పుకోవాలి. చాలామంది మాటలతో మొదలుపెట్టి, చల్లారిన ఉగ్గానినీ మెత్తబడిన మిరపకాయ బజ్జీనీ చూపించి ఇదేం పెద్ద రుచి అంటారు. మహబూబ్‌నగర్ నుంచి గద్వాల చాలా దూరం కాబట్టి ఆ పూట కోసం ముందురోజు రాత్రే గద్వాల చేరాలి. అక్కడ గదులు తక్కువ, సౌకర్యాలూ అంతంతే, ఒక్క రాత్రికి సర్దుకోవచ్చు.

మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య యాట కూర, తలకాయ, బోటి. మొదటి గంజు దింపినప్పుడే ముక్క బాగుంటుంది. రెండు దాటాక మిగిలిన పులుసులో నీళ్లు పోసి మళ్లీ మరిగిస్తారు, కారం మీదికి తేలుతుంది, తునకలు విడిపోతాయి. రుచి చెప్పే పని కాబట్టి పొట్టను కాపాడుకోవాలి. ఐదు చోట్ల తినేరోజు ఎక్కడా ఫుల్ ప్లేట్ వద్దు, హాఫ్ చెప్పి మూడు నాలుగు ముద్దలు. మిగిలింది పార్శిల్ కట్టించి డ్రైవర్‌కో, లాడ్జి కుర్రాడికో ఇస్తే వృథా కాదు.

చేపలకు మూడు చోట్లు పేరున్నవి: గద్వాల, ఆత్మకూరు మధ్య జూరాల డ్యామ్ పక్క దుకాణాలు, కొల్లాపూర్ దాటాక సోమశిల, నాగార్జునసాగర్. జూరాలలో వేయించిన చేప, దాంతో రొట్టె. గిరాకీ జోరు, నూనె ముందు ఎండలో నిలబడి తినడం. వెళ్లిన వెంటనే మూకుడు చూడండి. నూనె నల్లబడి, అంచున నురగ ఆగకుండా వస్తూ, చేప వేయకముందే పొగలేస్తే అది పొద్దుటి నుంచీ కాగుతున్న నూనె. వంట నూనెలో పోలార్ పదార్థాలు (నూనె పదే పదే కాగితే పెరిగేవి) 25 శాతం దాటితే మళ్లీ వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నుంచే నిబంధన పెట్టింది. దుకాణం దగ్గర కొలిచే పరికరం మన చేతిలో ఉండదు కాబట్టి కన్నూ ముక్కే సాధనాలు. పక్క బండికి పోతే సరి. సోమశిలలో హడావిడి తక్కువ, రేవు పక్కన కూర్చుని పులుసు తినొచ్చు, వెలుతురు మెత్తగా ఉంటుంది. వీడియోకు మూడింట్లో సోమశిలే మంచిది. పర్యాటక శాఖ వారి గదులూ ఉన్నాయి, కాకపోతే వారం మధ్య వెళ్తే వంటశాలలో ఏముందో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

మూడు చోట్లా లెక్క ఒకటే, ముందే తేల్చుకోవాలి. ధర చేప కిలోకా, ప్లేటుకా? తూకం శుభ్రం చేయకముందా, తర్వాతా? పొలుసు, తల, పేగులు తీస్తే మూడో వంతు దాకా పోతుంది. వండి ఇచ్చే కూలి వేరేనా? తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను పేరు చెప్పి బొచ్చె వడ్డించే చోట్లూ ఉన్నాయి. కొర్రమీను తల పాము తలలా చదునుగా ఉంటుంది, ముల్లు తక్కువ. తల చూపించమంటే గొడవ ఉండదు. వరద రోజుల్లో వల వేయడం కష్టం, అప్పుడు దుకాణంలో ఉన్నది చెరువు చేప కావచ్చు. “అన్నా, ఇది ఏటి చేపేనా?” అని మర్యాదగా అడిగితే చాలామంది దాచరు. అది చెరువుదైతే వీడియోలో చెరువుదనే చెప్పాలి.

సాయంత్రం జొన్న రొట్టె. ఒక బ్లాగర్ నిజంగా సమయం పెట్టాల్సింది దీని మీదే. గ్లాసు పిండికి దాదాపు ముప్పావు గ్లాసు మరిగే నీళ్లు, చిటికెడు ఉప్పు. జొన్నలో గ్లూటెన్ లేదు, వేడినీళ్లకు పిండిలోని స్టార్చి జిగురవడం వల్లే అది ముద్దకు వస్తుంది. నీళ్లు గోరువెచ్చనైతే రొట్టె చేతిలోనే విరుగుతుంది. పిండి పట్టించి రెండు వారాలు దాటినా అంతే, అంచులు పగుళ్లిస్తాయి. పీట మీద అరచేత్తో తట్టి, పెనం మీద వేశాక పైన నీళ్లు తడుపుతారు, లేకపోతే పొడి పిండి కాలి చేదొస్తుంది. ఆ తడి ఆరేసరికి తిప్పాలి. రెండోవైపు కాలి బూరెలా పొంగితే పెనం వేడి సరిపోయినట్టు. పొంగకుండా బిరుసెక్కితే పెనం చల్లగా ఉందని అర్థం. తట్టే చప్పుడు ఈ వీడియోకు ప్రాణం, మైకు అడుగు దూరంలో ఉండాలి, ఎగ్జాస్ట్ ఫ్యాను రెండు నిమిషాలు ఆపమని అడగాలి. ఆవిరి కనిపించాలంటే వెలుతురు వెనకనుంచి, వెనక నల్లటి గోడ. పెనం దిగిన పది నిమిషాల్లో రొట్టె గట్టిపడుతుంది.

అడిగే తీరు కూడా పనిలో భాగమే. “అక్కా, పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడొచ్చా? నీ పని నువ్వు చేసుకో” అంటే “గిరాకీ అడ్డం రాకుంటే నిలవడు బిడ్డా” అంటారు. కెమెరా తీశాక అడిగితే ముఖం తిప్పుకుంటారు. పక్క బల్లల మీద తినేవాళ్ల ముఖాలు, పిల్లల ముఖాలు ఫ్రేములో రాకుండా కోణం పెట్టాలి.

కల్లు లేకుండా ఈ దిక్కు తిండి పూర్తి కాదనే మాట నిజమే. చలికాలంలో ఈత, ఎండాకాలంలో తాటి. చెట్టు దగ్గర, గీసే మనిషి పక్కన నిలబడి దింపుతుంటే తీసిందే చూపించండి. దుకాణం సీసా తీసి ఊరి రుచి అని చెప్పొద్దు. పాలమూరు జిల్లాలో అల్ప్రాజోలం, డయాజెపాం కలిపిన కల్తీ కల్లు మనుషుల్ని ఆసుపత్రుల పాలు చేసింది, ఇది దాచిన సంగతేం కాదు. ఆ పూట బండి నడిపేవాళ్లు ముట్టొద్దు.

మే నెల వద్దు. నల్లగొండ, మిర్యాలగూడ వైపు 43, 44 డిగ్రీలు మామూలు. చాలా ఫోన్లకు తయారీదారు చెప్పే హద్దు 35. తెర మసకవుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది, రికార్డింగ్ మధ్యలో తెగిపోతుంది. బత్తాయి తోటలు తీయాలంటే ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య నల్లగొండ వైపు రావాలి, అప్పటి వెలుతురూ బాగుంటుంది.

ఊరిలో పేరు తెలిశాక హోటల్ వాళ్లు గది ఉచితం, భోజనం ఉచితం అంటారు. తీసుకోవడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఉచిత బస, ప్రయాణం కూడా సంస్థతో చెప్పి తీరాల్సిన సంబంధం కిందికే వస్తాయి; వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అందరికీ కనపడేలా ప్రకటన అని రాయాలి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి జరిమానా మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చిన ఉచితాల విలువ 20,000 దాటితే 2022 జూలై 1 నుంచి 10 శాతం టీడీఎస్ (ముందే పట్టే ఆదాయపు పన్ను) నిబంధన కూడా ఉంది. డబ్బు చేతికి రాకపోయినా అది ఆదాయం లెక్కలోకే వస్తుంది. మా మాటగా చెప్పాలంటే గద్వాల, కొల్లాపూర్ లాంటి చోట్ల బిల్లు కట్టేయడమే సులువు. నాలుగు వందల భోజనానికి మాట పోగొట్టుకోవడం దండగ.

చివరి రోజు శ్రీశైలం వైపు తిరిగేవాళ్లకు ఒక జాగ్రత్త. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ పులుల అడవి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా దారి మూసి ఉంటుంది. అడవిలో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపు ముందే దింపుకోవాలి, ఆ రోజు వీడియో షెడ్యూలు అచ్చంపేటలోనే పెట్టేయాలి. అడవిలోనూ, డ్యాముల దగ్గరా డ్రోన్ తీయొద్దు. ప్లాస్టిక్ పార్శిళ్లు మన్ననూరు చెక్‌పోస్టుకు ముందే ఖాళీ చేసుకోండి.