యాంప్ ముందు పవర్ కండిషనర్: చాన్నాళ్లు వాడాక తేలింది

ముందే చెప్పేస్తాను. గోడలోంచి వచ్చే కరెంటులోని చెత్తని వడగట్టి యాంప్లిఫయర్‌కి ఇచ్చే పెట్టె, అదే పవర్ కండిషనర్, పెట్టగానే గొంతులు విచ్చుకున్నాయనీ, వయొలిన్ తీగ తేనెలా సాగిందనీ చెప్పేవాళ్ల జాబితాలో నన్ను కలపకండి. మా ఇంట్లో అది చేసిన మేలు వేరు. ఆ మేలుకి నేను పెట్టిన డబ్బు దండగ కాలేదు. కానీ కొనేవాళ్లలో చాలామంది దాని దగ్గర ఆశిస్తున్నది అది చేయని పని.

మాది హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. లిఫ్టు, బోరు మోటారు, ఇంటింటా ఇన్వర్టర్ ఏసీలు, లెక్కలేనన్ని ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, అన్నీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద. రావాల్సింది 230 వోల్టులు. వేసవి సాయంత్రం మల్టీమీటర్ పెడితే 205 చూపిస్తుంది, అర్ధరాత్రి దాటాక 245. సిస్టమ్ పెద్దదేమీ కాదు: టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఇంటిగ్రేటెడ్ యాంప్, డిజిటల్ పాటని మామూలు సిగ్నల్‌గా మార్చే డ్యాక్, ఎల్పీలకి మూవింగ్ మ్యాగ్నెట్ క్యాట్రిడ్జ్ (సూది కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) ఉన్న టర్న్‌టేబుల్, నేల మీద నిలబడే స్పీకర్లు. టీవీ సౌండు కూడా ఇందులోకే వస్తుంది.

కండిషనర్ బ్రాండెడ్ కాదు. బాలానగర్‌లో వైండింగ్ పని చేసే ఒకాయనతో చెప్పి చేయించుకున్నాను. వచ్చే లైనునీ వెళ్లే లైనునీ వైర్లతో కలపకుండా విడదీసే ఒకటిన్నర కేవీఏ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, అందులో కరెంటు వచ్చే చుట్టకీ (ప్రైమరీ) వెళ్లే చుట్టకీ (సెకండరీ) మధ్య ఎర్త్ చేసిన రాగి రేకు షీల్డు, ముందువైపు ఫిల్టరు, సర్జ్ వస్తే తానే తీసుకునే ఎమ్ఓవీలు, ఓల్టేజీ మరీ పెరిగినా మరీ తగ్గినా లైను కట్ చేసే రిలే, వెనక ఆరు సాకెట్లు. మొత్తం ముప్పై వేల లోపే అయింది. బరువు మాత్రం ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు.

ఇలాంటి పెట్టె ఏం చేయగలదో తెలియాలంటే యాంప్ లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి. గోడలోంచి వచ్చిన ఏసీ నేరుగా స్పీకరుకి పోదు. యాంప్‌లో సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, తర్వాత ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్, తర్వాత లావుపాటి కెపాసిటర్లు. అంటే యాంప్‌లోనే ఒక కండిషనర్ ఉన్నట్టు. మంచి యాంప్ అయితే కరెంటులో ఉన్న చెత్తలో ముప్పాతిక మూడొంతులు అక్కడే ఆగిపోతుంది. మిగిలింది దొడ్డిదారిన వస్తుంది: ఎర్త్ వైరు ద్వారా, కేబుళ్ల ద్వారా, గాల్లోంచి. అందులోనూ ఎక్కువ దెబ్బ తినేది ఫోనో, అంటే టర్న్‌టేబుల్ సిగ్నల్ వచ్చే దారి. డ్యాక్ నుంచి వచ్చే సిగ్నల్ 2 వోల్టులుంటే, సూది కింద పుట్టేది 5 మిల్లీవోల్టులు. దాన్ని వంద రెట్లు పెంచితే గానీ మామూలు స్థాయికి రాదు. పెంచేటప్పుడు దాంతోపాటు వచ్చిన గోల కూడా వంద రెట్లు పెరుగుతుంది.

రాత్రి ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపేసి, సూది ఎత్తి ఉంచి, వాల్యూమ్ పెంచి స్పీకరు దగ్గర చెవి పెట్టేవాణ్ణి. రెండు రకాల శబ్దాలు వినిపించేవి. ఒకటి లోతుగా, తుమ్మెద గుయ్‌మన్నట్టు, 50 హెర్ట్జ్‌ది. ఇంకొకటి ముక్కుతో మాట్లాడినట్టు బర్ర్‌మనేది, 100 హెర్ట్జ్‌దీ దాని పిల్లలదీ (200, 300 లాంటి రెట్లవి). బోరు మోటారు ఆన్ అయినప్పుడల్లా టక్ మని ఒక దెబ్బ. ఇవన్నీ ఒకే జబ్బు అనుకుని ఒకే మందు వేస్తే తగ్గవు.

అందుకే పెట్టె కొనకముందు చేయాల్సిన పనులే ముందు చెప్తాను. మా టీవీకి కేబుల్ వాళ్ల వైరు వస్తుంది. దాని ఎర్త్ ఎక్కడో వీధి చివర, మా యాంప్ ఎర్త్ మీటర్ బోర్డు దగ్గర. రెంటికీ మధ్య తేడా ఉంటే ఆ తేడా మన సిగ్నల్ వైరు షీల్డులోంచి పారుతుంది. ఆ కేబుల్ వైరు పీకగానే బర్ర్ సగానికి సగం పడిపోయింది. టీవీకీ డ్యాక్‌కీ మధ్య మామూలు వైరు తీసేసి ఆప్టికల్ కేబుల్ వేశాను. ఆప్టికల్‌లో రాగి ఉండదు కాబట్టి రెండు ఎర్త్‌ల మధ్య అలా పారే లూపే ఉండదు. కొన్ని వందల రూపాయలతో తగ్గినంత గోల ముప్పై వేల పెట్టెతో తగ్గలేదు. ఇది రాసి పెట్టుకోండి.

రెండోది ఎర్తింగ్. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెడితే ఒకటి రెండు వోల్టులు చూపించాలి. మాకు వేసవిలో 11 చూపించింది. మెట్ల కింద ఉన్న ఎర్త్ గుంత ఎండిపోయి రాయిలా అయింది. వాచ్‌మన్ చేత నాలుగు బిందెల నీళ్లు పోయించి, బొగ్గూ ఉప్పూ మళ్లీ వేయించాం. మర్నాటికి 2 వోల్టులు. ఎండాకాలంలో వారానికోసారి నీళ్లు పోయడం ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో మామూలైపోయింది.

మూడోది దొంగని పట్టడం. చిన్న ట్రాన్సిస్టర్ రేడియో తీసుకుని మీడియం వేవ్‌లో పెట్టండి. హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది, దానికి దూరంగా ఏ స్టేషనూ లేని చోట ముల్లు ఉంచండి. దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరగండి. ఎక్కడ గుర్రుమంటే అక్కడ చెత్త పుడుతోంది. మా ఇంట్లో రెండు దొరికాయి: వంటింట్లో ఒక చవక ఎల్‌ఈడీ లైటు, పడగ్గదిలో పాతకాలం ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు. రెగ్యులేటరు తీసేసి స్టెప్పులుండే కెపాసిటర్ రకం పెట్టిస్తే ఆ గోల పోయింది.

ఇవన్నీ అయ్యాక మిగిలినదాని మీద కండిషనర్ పని చేసింది. బోరు మోటారు టక్ పూర్తిగా పోయింది. లిఫ్టు కదిలినప్పుడు వచ్చే సన్నటి చిరచిర పోయింది. రాత్రిపూట ఫోనో మీద చెవి పెడితే మిగిలిన బర్ర్ బాగా తగ్గింది. కచేరీ రికార్డింగులో తంబూర ఒక్కటే మోగుతూ గాయకుడు ఇంకా ఎత్తుకోని ఆ కొన్ని క్షణాలున్నాయే, అక్కడ తేడా తెలుస్తుంది. పాట మొదలయ్యాక తెలియదు. తగ్గనివి కూడా ఉన్నాయి. లోతైన గుయ్ అలాగే ఉండిపోయింది. అది యాంప్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని క్యాట్రిడ్జ్ పట్టుకోవడం వల్ల. టర్న్‌టేబుల్‌ని మూడడుగులు దూరం జరిపితే తగ్గింది. ఇక పాత రేడియో రికార్డింగుల్లో టేపులోనే ఎక్కిపోయిన హమ్‌ని ఏ పెట్టే తీయలేదు. అది విని కండిషనర్‌ని తిట్టుకోకండి.

మామూలుగా వింటే తేడా ఉందా అని మా వాడి చేత పరీక్ష పెట్టించుకున్నాను. వాడు యాంప్ ప్లగ్గుని ఒకసారి గోడకి, ఒకసారి కండిషనర్‌కి మారుస్తూ పోయాడు, నేను కళ్లు మూసుకుని చెప్పాను. వాల్యూమ్ ముట్టుకోలేదు. డ్యాక్ నుంచి వచ్చే పాటల మీద నా జవాబులు సగం ఒప్పు, సగం తప్పు. బొమ్మా బొరుసా వేసినా అంతే వచ్చేది. "నాన్నా, నీకేం తెలీడం లేదు" అని వాడు తేల్చేశాడు. బాసు బిగువైందనీ, స్టేజీ వెడల్పైందనీ చెప్పేవాళ్లని ఈ పరీక్ష ఒకసారి పెట్టుకోమనే అంటాను.

చిరాకులూ ఉన్నాయి. స్విచ్చి వేయగానే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది. మా బోర్డులో ఉన్న బి రకం ఎమ్‌సీబీ రెండ్రోజులకోసారి పడిపోయేది. ఎలక్ట్రీషియన్ సి రకం వేశాక ఆగింది. ఇక కొన్ని ఉదయాలు పెట్టె తానే గుర్రుమనేది. పాట వినడానికి గోల తగ్గించే పెట్టె కొంటే అది గోల పెట్టడం భలే ముచ్చట. తీరా చూస్తే లైనులోకి కాస్త డీసీ వచ్చి చేరుతోంది. తక్కువ వేడి ('లో') మీద పెట్టిన హెయిర్ డ్రయ్యర్ లాంటివి సగం వేవే వాడుకుంటాయి, అప్పుడు వచ్చే డీసీకి పెట్టెలోని ట్రాన్స్‌ఫార్మర్ కోరు సంతృప్తమై మూలుగుతుంది. వైండింగ్ ఆయన డీసీ బ్లాకర్ కలిపాక చాలావరకు తగ్గింది. కనుక ఎవరైనా చేయించుకుంటే అది మొదట్లోనే అడగండి. చిన్న కెపాసిటీ పెట్టెకి పవర్ యాంప్ తగిలించకండి. యాంప్ కరెంటుని వేవ్ కొసల దగ్గర గుక్కలు గుక్కలుగా తాగుతుంది, మధ్యలో ఫిల్టరులోని సన్నటి తీగచుట్ట (చోక్) అడ్డుపడితే ఆ గుక్క తగ్గుతుంది.

హమ్ పోవాలని ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లు మనలో తక్కువేం కాదు. నేను ఆ మాట ఎత్తితే వైండింగ్ ఆయన నవ్వి, "హమ్ పోతది సార్, దాంతోపాటు మీరు కూడా పోతరు" అన్నాడు. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా సరే ఎర్త్ కొనసాగాల్సిందే.

డబ్బు ఎక్కడ గిట్టిందంటే, గాలివాన వచ్చిన ఒక సాయంత్రం. బిల్డింగుకి వచ్చే న్యూట్రల్ తెగింది. న్యూట్రల్ పోతే మూడు ఫేజుల మధ్య ఓల్టేజీ ఇష్టమొచ్చినట్టు పంచుకుంటుంది, ఒక ఫ్లాట్‌లో 150, ఇంకో ఫ్లాట్‌లో 300 పైన. పక్క ఫ్లాట్‌లో టీవీ, రౌటరు పోయాయి, పైవాళ్ల ఫ్రిజ్ బోర్డు కాలింది. మా కండిషనర్ రిలే 270 దగ్గర ఠక్కున తెంచేసి ఎర్రలైటు వెలిగించి కూర్చుంది. యాంప్‌కి, డ్యాక్‌కి ఏమీ కాలేదు. ఇక్కడ ఆదుకున్నది రిలే, ఎమ్ఓవీ కాదు. ఎమ్ఓవీ పిడుగు లాంటి క్షణకాలపు దెబ్బకి పనికొస్తుంది, గంటసేపు 300 వస్తే తానే మాడిపోతుంది. ఆ రిలే ఒక్కటే విడిగా కొనుక్కున్నా రెండు మూడు వేలకి దొరుకుతుంది.

స్టెబిలైజర్ వేరు, ఇది వేరు అని కూడా గుర్తుంచుకోవాలి. స్టెబిలైజర్ ఓల్టేజీ ఎత్తుపల్లాలు సరిచేస్తుంది, గోల తీయదు. నాది గోల తీస్తుంది, 205 వస్తే దాదాపు 205 ఇస్తుంది. మా యాంప్‌కి దాంతో ఇబ్బంది లేదు. వాల్వ్ యాంప్ ఉన్నవాళ్ల సంగతి వేరు, 245 వస్తే హీటర్లూ దానికి తగ్గట్టే ఎక్కువ వేడెక్కి వాల్వుల ఆయుష్షు తగ్గుతుంది, వాళ్లు సర్వో స్టెబిలైజర్ గురించి ఆలోచించాలి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద వింటే ట్రాన్స్‌ఫార్మర్లన్నీ బుసలు కొడతాయి. ఈ పెట్టె దాన్ని సైన్ వేవ్ చేయదు, ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే కావాలి.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత కండిషనర్ తెప్పించుకునే ఆలోచన ఉంటే ముందు వెనక ప్లేటు ఫొటో పెట్టమనండి. అక్కడ అమ్మేవి చాలావరకు 120 వోల్టులవి. మన 230కి తగిలిస్తే ముందు పోయేది లోపలున్న ఎమ్ఓవీలే, పొగతో సహా. అదే కంపెనీ 230 వోల్టుల మోడల్ విడిగా చేస్తుందేమో చూసుకుని అప్పుడు డబ్బులు పంపండి.