లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్: ఒక మైక్ సెట్ వాడి రివ్యూ

అయిదుకి నాలుగు నక్షత్రాలు. పాటలు నచ్చడం, నచ్చకపోవడం ఎవరిష్టం వాళ్లది. కానీ లైవ్ కచేరీల రికార్డింగులు పెట్టే ఈ సైటు, సౌండ్ పని చేసుకుని బతికేవాడికి ఇంటర్నెట్‌లో ఇంతకు మించిన చోటు నాకు కనబడలేదు. పైగా పైసా ఖర్చు లేదు.

పర్లాకిమిడిలో మాది మైక్ సెట్ దుకాణం. పెళ్లిళ్లు, వినాయక చవితి, రథయాత్ర, అటు పాతపట్నం నీలమణి దుర్గ గుడి దగ్గర ఉత్సవాలు, ఇటు గుణుపురం దాకా మెలోడీ ప్రోగ్రాములు. తెలుగు పాట ఒకటి, ఒడియా పాట ఒకటి, మధ్యలో హిందీ. నాలాంటివాడికి అమెరికా రాక్ బ్యాండ్లతో ఏం పని అని మా ఇంట్లోనే అడుగుతారు. పని పాటతో కాదు, రికార్డింగుతో. మా సెట్ అద్దెకు తీసుకున్న ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు ఒకసారి "అన్నా, మిక్సర్ నుంచి ఒక అవుట్ ఇవ్వవా, రికార్డర్‌కి పెట్టుకుంటాం" అన్నారు. ఇచ్చాను. తర్వాత వాళ్లే "నువ్వు ఇది వినాలన్నా" అని లింకు పంపారు. అప్పటి నుంచి వదల్లేదు.

సంగతేమిటంటే, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటర్నెట్ ఆర్కైవ్ అని లాభాపేక్ష లేని సంస్థ ఒకటి ఉంది. బ్రూస్టర్ కేల్ అనే ఆయన 1996లో పెట్టాడు. మనవాళ్లు పాత తెలుగు పుస్తకాలు దించుకునేది కూడా అక్కడి నుంచే. ఆ సంస్థ 2002లో ఈట్రీ అనే టేపుల మార్పిడి బృందంతో కలిసి లైవ్ కచేరీలకు ఒక విభాగం తెరిచింది. అదే ఈ లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్. ఇప్పుడు అందులో 2 లక్షల పైచిలుకు రికార్డింగులున్నాయి.

ఇలా బయటివాళ్లు పట్టిన రికార్డింగుని బూట్‌లెగ్ అంటారు. ఆ మాట అనగానే దొంగ సరుకు అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. 1969లో అమెరికా గాయకుడు బాబ్ డిలన్ విడుదల చేయని పాటల్ని ఎవరో తెల్ల అట్టలో పెట్టి రికార్డుగా అమ్మేశారు. దానికి గ్రేట్ వైట్ వండర్ అని పేరు పడింది. రాక్ సంగీతంలో దొంగ రికార్డుల వ్యాపారం అక్కడి నుంచే ఊపందుకుంది. ఆ వ్యాపారంతో సంబంధం లేని మరో రకం జనం ఉన్నారు. కచేరీకి టేప్ రికార్డర్ పట్టుకెళ్లి రికార్డు చేసుకుంటారు, అడిగినవాళ్లకి కాపీ చేసి ఇస్తారు, డబ్బు మాత్రం ముట్టుకోరు. ఖాళీ క్యాసెట్లు, తిరుగు పోస్టు ఖర్చులు పంపిస్తే నింపి పంపేవారు. ఆర్కైవ్‌లో ఉన్నది ఈ రెండో రకం వాళ్ల కష్టం. బ్యాండు ఒప్పుకుంటేనే పెడతారు. ఆల్బమ్‌గా అమ్మకానికి వచ్చినవి మామూలుగా పెట్టనివ్వరు.

అలా ఒప్పుకున్న బ్యాండ్లలో పెద్దన్న గ్రేట్‌ఫుల్ డెడ్. 1965 నుంచి 1995 దాకా 2,300కు పైగా కచేరీలు చేసిన బ్యాండు. ఒక్క వీళ్లవే ఇక్కడ 15,000కు పైగా రికార్డింగులున్నాయి. ఒకే కచేరీని నలుగురైదుగురు వేర్వేరు చోట్ల కూర్చుని పట్టారు మరి. రికార్డు చేసుకుంటే టికెట్లు ఎవరు కొంటారని ఈ బ్యాండు భయపడలేదు. 1984 అక్టోబరు నుంచి టేపర్ల కోసం, అంటే రికార్డు చేసుకునేవాళ్ల కోసం, వేరే టికెట్లు పెట్టి, వేరే చోటిచ్చారు. ఆ చోటు ఎక్కడంటే మిక్సర్ వెనక. అంతకుముందు టేపర్లు మిక్సర్ ముందు మైకు స్టాండ్లు పాతేస్తుంటే సౌండ్ చూసేవాడికి స్టేజీ కనబడేది కాదు. అది చదివినప్పుడు నాకు మా పెళ్లి వీడియో వాళ్లు గుర్తొచ్చారు. ఎంత జాగా ఉన్నా ట్రైపాడ్లు, గొడుగు లైట్లు తెచ్చి సరిగ్గా నా మిక్సర్ ముందే నిలబెడతారు. వాళ్లకీ ఒక టికెట్ కొట్టి వెనక్కి పంపాలి.

ఇక సౌండ్. మిక్సర్ నుంచి నేరుగా తీసుకున్నది సౌండ్‌బోర్డ్ టేపు, జనంలో మైకు పెట్టి పట్టింది ఆడియన్స్ టేపు. అందరూ సౌండ్‌బోర్డ్ అంటే పడి చస్తారు. నేను ఒప్పుకోను. మిక్సర్‌లోంచి వచ్చేది హాల్లో వినబడే సౌండ్ కాదు, హాల్లో ఏది తక్కువైందో అది. చిన్న హాల్లో డ్రమ్ములు, గిటార్ ఆంప్లీలు వాటంతటవే గోల చేస్తాయి. వాటిని బాక్సుల్లోకి పంపాల్సింది తక్కువ, గొంతునే ఎక్కువ పంపాలి. ఆ అవుట్‌ని రికార్డు చేస్తే పాడేవాడు చెవిలో నోరు పెట్టి అరిచినట్టుంటుంది, డ్రమ్ములు ఎక్కడో ఉంటాయి. మా మెలోడీ ప్రోగ్రాముల పెన్‌డ్రైవ్ రికార్డింగులన్నీ ఇంతే. గొంతు, కీబోర్డు, ప్యాడ్ వినబడతాయి. డప్పుకి మైకు పెట్టం కాబట్టి డప్పు కొట్టినవాడు ఆ రోజు వచ్చాడో లేదో కూడా తెలియదు.

అదే, మంచి చోట మంచి మైకులు జతగా పెట్టి పట్టిన ఆడియన్స్ టేపులో హాలు ఎంత పెద్దదో తెలుస్తుంది, బాక్సులు ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది. ఈలలు వస్తాయి, పక్కవాడి దగ్గూ వస్తుంది, అది వేరే సంగతి. చాలా టేపుల్లో మొదటి పాట మొదలవగానే లెవెల్ ఎక్కువై బాస్ చిట్లుతుంది. ఓ నిమిషం పోయాక చటుక్కున సౌండ్ తగ్గి సర్దుకుంటుంది. చీకట్లో ఎవడో మీటర్ చూసి నాబ్ వెనక్కి తిప్పాడన్నమాట. ఆ పని రోజూ చేసేవాణ్ణి కాబట్టి అక్కడ నాకు పాట వినబడదు, ఆ చెయ్యే కనబడుతుంది.

రెండింటినీ కలిపి చేసేదాన్ని మాట్రిక్స్ అంటారు. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ చేయడం నరకం. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేజీకి 34 మీటర్ల దూరంలో మైకు పెడితే బోర్డు సౌండ్ కన్నా అది సెకనులో పదో వంతు వెనక. ఉన్నది ఉన్నట్టు కలిపితే ప్రతి దెబ్బా రెండుసార్లు పడుతుంది. అది సరిచేసినా అయిపోదు. రెండు రికార్డర్లు సరిగ్గా ఒకే వేగంతో నడవవు, గంట తిరిగేసరికి మళ్లీ జారుతుంది. ఇదంతా కూర్చుని దిద్ది, ఊరికే పెట్టేసేవాళ్లున్నారు. మా దగ్గర కేబుల్ చుట్టమంటేనే కుర్రాళ్లు మొహం తిప్పేసుకుంటారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది రికార్డింగుతో పాటు పెట్టే చీటీ. చిన్న టెక్స్ట్ ఫైలు. పైన తేదీ, ఊరు, హాలు, పాటల వరస. కింద అసలు సరుకు: ఏ మైకు, ఏ రికార్డర్, మైకు ఎక్కడ పెట్టారు, కంప్యూటర్‌లోకి ఎవరు ఎక్కించారు, మధ్యలో ఎన్ని కాపీలయ్యాయి. షోప్స్, నోయ్‌మన్, నకమిచి అని మైకుల పేర్లు కనబడతాయి. సోనీ టీసీ-డీ5ఎం అని భుజాన తగిలించుకునే క్యాసెట్ డెక్ పేరు పదే పదే వస్తుంది. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి దించిన ప్రతిసారీ బుస్సుమనే సొద పెరుగుతుంది, పైస్థాయి సౌండ్ అరిగిపోతుంది. అందుకే ఇది మాస్టరా, దాని కాపీయా, కాపీకి కాపీయా అన్నది దాచకుండా రాస్తారు. ఫలానా పాట మధ్యలో టేపు తిరగేయాల్సి వచ్చింది, ఆ ముక్క వేరే టేపు నుంచి అతికించాం అని కూడా రాస్తారు. చీటీ బాగా రాసినవాడి రికార్డింగు చాలామటుకు బాగానే ఉంటుంది. నేను ముందు చీటీ చదివి, తర్వాతే ప్లే నొక్కుతాను.

ఇంకో తమాషా చెప్పాలి. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీ దిగిపోయి టేపు నెమ్మదిగా తిరిగితే, తర్వాత వినేటప్పుడు శ్రుతి పెరిగిపోతుంది. దాన్ని సరిచేయడానికి వీళ్లు టేపులో కరెంటు హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుంయ్‌మనే సొద, ఎక్కడుందో వెతుకుతారు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మనకి 50. హమ్ సరిగ్గా 60 దగ్గర లేకపోతే టేపు వేగం తప్పినట్టే, దాన్ని 60కి లాగితే పాట శ్రుతిలోకి వస్తుంది. ఆ హమ్‌ని చంపడానికి ఎర్త్ వైర్లు లాక్కుంటూ నా సగం జీవితం గడిచింది. అది ఎవరికైనా పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఏది ముందు వినాలంటే అందరూ చెప్పేదే నేనూ చెబుతాను. గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీ, 1977 మే 8, కార్నెల్ యూనివర్సిటీ, బార్టన్ హాల్. రికార్డు చేసింది బెట్టీ కాంటర్-జాక్సన్, బ్యాండు సొంత సౌండ్ మనిషి. ఆవిడ హాలు మిక్స్‌ని అలాగే పట్టకుండా టేపు కోసం విడిగా మిక్స్ చేసుకునేది. అందుకే సౌండ్‌బోర్డ్ మీద నేను ఇందాక పెట్టిన వంక ఈవిడ టేపులకు అంటదు. 1986లో ఆవిడ టేపులు దాచుకున్న గోదాం అద్దె బాకీ పడితే సామాను వేలం వేసేశారు, టేపులు ఎవరెవరి చేతులకో పోయాయి. తర్వాత అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ కచేరీని 2011 సంవత్సరానికి జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. 2017లో అధికారికంగా కూడా విడుదలైంది. రెండో భాగం మొదట్లో జనం ముందుకు తోసుకొస్తుంటే స్టేజీ మీద నుంచి ఒక అడుగు వెనక్కి వేయండని చెబుతారు, వినండి. రథయాత్ర రోజు నేను మైకులో అరిచేదీ అదే, తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి. అక్కడైనా, ఇక్కడైనా ఎవడూ వెనక్కి జరగడు.

ఒక మెలిక ఉంది. 2005 నవంబరులో గ్రేట్‌ఫుల్ డెడ్ రికార్డింగులన్నిటికీ డౌన్‌లోడ్ ఆపేశారు. అభిమానులు గోల పెట్టారు. కొద్ది రోజులకే ఆడియన్స్ టేపులు దించుకోనిచ్చారు గానీ సౌండ్‌బోర్డ్ టేపులు మాత్రం అక్కడే వినాలి. ఇంత అభిమానం సంపాదించి పెట్టిన టేపుల్ని బిగించడం నాకైతే నచ్చలేదు. కానీ సరుకు వాళ్లది.

తగ్గించిన నక్షత్రం సంగతి. కొత్తవాడు లోపలికి వెళితే దారి తప్పుతాడు. ఒకే కచేరీకి పది పేజీలు కనబడితే ఏది నొక్కాలి? రీలిసన్ అనే ఉచిత సైటు ఇదే సరుకును సంవత్సరం, తేదీ వారీగా పేర్చి వినిపిస్తుంది, అందులోంచి వెళ్లడం నయం. ఇంకోటి, సరుకులో చాలా భాగం అమెరికా బ్యాండ్లదే. స్మాషింగ్ పంప్‌కిన్స్, ఎలియట్ స్మిత్ దొరుకుతారు. ఇంగ్లండ్ బ్యాండు లెడ్ జెప్లిన్ కోసం వెళితే నిరాశే, అనుమతి లేదు. మైక్ మిల్లార్డ్ అనే టేపర్ కాళ్లు బాగానే ఉన్నా చక్రాల కుర్చీలో కూర్చుని, కింద నకమిచి రికార్డర్ దాచుకుని, 1977 జూన్ 21న లాస్ ఏంజెలెస్ ఫోరంలో వాళ్ల కచేరీని పట్టాడు. ఆడియన్స్ టేపు ఎంత బాగుండగలదో చెప్పడానికి అందరూ చూపించేది అదే. అది ఈ విభాగంలో ఉండదు. 2024 అక్టోబరులో హ్యాకర్ల దాడి జరిగి ఆర్కైవ్ మొత్తం రోజుల తరబడి మూతపడింది కూడా. నచ్చినవి సొంత హార్డ్‌డిస్క్‌లో పెట్టుకోవడం మంచిది.

మన సరుకు ఇలా పెట్టుకోవచ్చా అని కాలేజీ కుర్రాళ్లు అడిగారు. మెలోడీ వాళ్లది కుదరదు. పాడినవాడు సరేనన్నా సినిమా పాట కంపెనీది. మా నాన్న పట్టిన హరికథలు, బుర్రకథల క్యాసెట్లు దుకాణం అటక మీద ఉన్నాయి. మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో ప్రదర్శన ఇచ్చినవాళ్లకీ హక్కు వచ్చింది, కాబట్టి ముందు వాళ్లనో, వాళ్ల పిల్లలనో అడగాలి. అడగాలంటే ఎవరో తెలియాలి కదా. క్యాసెట్ మీద "శ్రీరామనవమి, సైడు బి" అని ఉంటుంది. ఏ సంవత్సరం, ఏ పందిరి, ఎవరి కథ, ఏమీ ఉండదు. ఈ మధ్య నేను చేసే రికార్డింగులకు మాత్రం చీటీ రాసి పెడుతున్నాను. పెళ్లివాళ్లు పెన్‌డ్రైవ్ తీసుకుని చీటీ నాకే వదిలేసి పోతున్నారు.

దించుకునేవాళ్లకి రెండు మాటలు. ఫ్లాక్ అంటే నాణ్యత ఏమీ పోని ఫైలు, మూడు గంటల కచేరీ ఇంచుమించు 1 జీబీ అవుతుంది. ఎంపీ3 అయితే అందులో పావు వంతు. రోజుకి 1.5 జీబీ ప్యాక్ మీద ఉన్నవాళ్లు ముందు ఎంపీ3 విని, నచ్చితేనే ఫ్లాక్‌కి వెళ్లండి. కింద జనం ఇచ్చిన నక్షత్రాలు చూడకండి, అక్కడ అందరూ అన్నిటికీ అయిదే ఇస్తారు. రాసిన మాటలు చదవండి, ఏ పాట దగ్గర టేపు తెగిందో అందులో ఉంటుంది. మా ఊళ్లో అయితే రాత్రి పన్నెండు దాటాక డౌన్‌లోడ్ పెట్టుకోవాలి. ఆ రోజు డేటా కొత్తగా మొదలవుతుంది, టవర్ మీద రద్దీ కూడా ఉండదు.