రీజియన్ తాళం తీసిన డీవీడీ ప్లేయర్: పన్నెండేళ్ల వాడకం

హన్మకొండ చౌరస్తాలో 2012లో కొన్న డీవీడీ ప్లేయర్ మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. కొన్న నెలకే అమెరికా నుంచి వచ్చిన అక్క పిల్లల కోసం పది డిస్కులు తెచ్చింది. మొదటిది పెట్టగానే తెరమీద 'రీజియన్ తప్పు' అని వచ్చి ఆగిపోయింది. "తమ్మీ, నేను పైసలు పెట్టి కొన్నవే గదా, దొంగ సీడీలు కావు గదా!" అని అక్క ఎంత బాధపడిందో.

డిస్కుల అట్టమీద చిన్న భూగోళం బొమ్మలో 1 అని ఉంది. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే రీజియన్ అంకె అది. 1 అంటే ముఖ్యంగా అమెరికా, కెనడాలకు. మన దేశానిది 5. అన్ని దేశాల్లో ఆడేవాటికి ఈ తాళం ఉండదు; అక్క తెచ్చినవాటిలో రెండు తెలుగు సినిమాలు అలాంటివే, హాయిగా ఆడాయి.

ముందు లాప్‌టాప్‌లో ప్రయత్నించి తప్పు చేశాను. అందులోని డ్రైవ్ రీజియన్‌ను ఐదుసార్లే మార్చుకోనిస్తుంది. అటూ ఇటూ మార్చి నాలుగు వాడేశాక గానీ ఆ సంఖ్య చూడలేదు. చివరికి మెకానిక్ ప్లేయర్ ట్రే తెరిచి, రిమోట్‌లో ఏవో అంకెలు నొక్కి, దాచిన మెనూ తెప్పించి రీజియన్ సున్నా, అంటే అన్ని దేశాల డిస్కులూ ఆడేలా చేశాడు. రెండు నిమిషాల పని. అయినా మా పాత డబ్బా టీవీలో బొమ్మ నలుపు తెలుపులో దొర్లింది. అవి అమెరికా టీవీ పద్ధతైన ఎన్‌టీఎస్‌సీలో ఉన్న డిస్కులు, మన టీవీది పాల్ పద్ధతి. సెట్టింగ్స్‌లో టీవీ రకాన్ని పాల్‌కు మారిస్తే రంగులొచ్చాయి.

తర్వాత అక్క తన బ్లూరే (డీవీడీ కన్నా స్పష్టమైన బొమ్మ ఉండే డిస్కు) ప్లేయర్ కూడా ఇచ్చి వెళ్లింది. దాని విషయంలో మాత్రం నా సలహా ఒకటే: తెప్పించుకోకండి. వెనక 120 వోల్టులని రాసి ఉంది, మన ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోయేది. ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం. బ్లూరేకి రీజియన్ లెక్క వేరు, అంకెల బదులు అక్షరాలు: అమెరికా ఎ, మనం సి. ఇక్కడ కొన్న సి డిస్కు అందులో ఆడదు, రిమోట్ చిట్కా కూడా పనిచేయలేదు. 4కే బ్లూరే డిస్కులకైతే రీజియన్ కోడ్ లేదు. కొత్తగా కొనేవాళ్లు అటు చూడడం మేలు.

డీవీడీ ప్లేయర్‌కి ఇన్నేళ్లలో ట్రే బెల్టు ఒకసారి మార్పించాను, లెన్సు రెండుసార్లు తుడిపించాను. అక్క తెచ్చిన పదీ ఇంకా ఆడుతున్నాయి. ఇప్పుడు వాటిని మా తమ్ముడి పిల్లలు చూస్తున్నారు.