ప్రోగ్రెషన్ బెట్టింగ్ నేర్పే పెయిడ్ కోర్సు: ఒక మాజీ డీలర్ రివ్యూ (5కి 2)

కాసినోలో రౌలెట్ టేబుల్ దగ్గర డీలర్‌గా, అంటే ఆట నడిపేవాడిగా, చాలా ఏళ్లు పనిచేశాను. రౌలెట్ అంటే నంబర్లు, రంగులు ఉన్న గదుల చక్రం తిప్పి, బంతి ఎక్కడ పడుతుందో పందెం కాసే ఆట; ఎరుపు, నలుపు రంగుల మీద కాసి గెలిస్తే కాసినంత లాభం. అందుకే మా పిన్ని కొడుకు, గెలుపోటములను బట్టి పందెం పెంచుతూ తగ్గిస్తూ ఆడడం (ప్రోగ్రెషన్ బెట్టింగ్) నేర్పే ఈ కోర్సు కొని, "అన్నయ్యా, ఒకసారి చూసి చెప్పు, ఆడొచ్చా?" అని లాగిన్ ఇస్తే, మొదటి వీడియో నుంచి చివరి పీడీఎఫ్ దాకా ఏదీ వదలకుండా చూశాను. కోర్సు పేరు రాయడం లేదు. ఇలాంటివి చాలా పేర్లతో దొరుకుతున్నాయి, కొనేముందు ఏం చూసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

మార్టింగేల్, ఫిబొనాచి, డాలంబేర్, లబుషేర్, పరోలి... ఈ ఐదు పద్ధతుల మీద వీడియోలున్నాయి. వాటితోపాటు ఒక ఎక్సెల్ షీట్, ఆటను కంప్యూటర్‌లో ఆడించి చూపే ఒక సిమ్యులేటర్.

ముందు బాగున్నది చెబుతాను. లబుషేర్ పాఠం నిజంగా శ్రద్ధగా చేశారు. 1-2-3-4 అని రాసుకుంటాం. మొదటి అంకె, చివరి అంకె కలిపి 5 యూనిట్లు (యూనిట్ అంటే మనం ఎంచుకున్న చిన్న పందెం) కాస్తాం. గెలిస్తే ఆ రెండూ కొట్టేస్తాం, ఓడితే చివర 5 చేర్చి తర్వాత 6 కాస్తాం. వినడానికి తేలికే, కానీ టేబుల్ దగ్గర కాగితం మీద గిలుకుతూ ఆడేవాళ్లు ఏ అంకె కొట్టేశారో మర్చిపోయి తడబడడం ఎన్నోసార్లు చూశాను. ఈ షీట్‌లో ఆ గొడవ లేదు, లెక్క ఎక్కడా తప్పలేదు.

అసలు సమస్య మార్టింగేల్ దగ్గర మొదలైంది. ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చెయ్యి, ఒక్కసారి గెలిస్తే పోయిందంతా వచ్చి పైన 1 యూనిట్ మిగులుతుంది అన్నది పద్ధతి. మొదటి పందెం నుంచి గెలిచేదాకా కాసే పందేలన్నీ కలిపి ఒక వరస. "నూటికి తొంభై తొమ్మిది వరసలు లాభంతో ముగుస్తాయి" అని వీడియోలో గట్టిగా చెప్పారు. ఆ మాట నిజమే. చెప్పనిది ఆ మిగిలిన ఒక్క వరస సంగతి.

ప్రతి టేబుల్ మీదా కనిష్ఠ పందెం, గరిష్ఠ పందెం రాసిన బోర్డు ఉంటుంది. గరిష్ఠం కనిష్ఠానికి వంద రెట్లు అనుకుందాం. 1, 2, 4, 8, 16, 32, 64 దాకా వెళ్లగలం. ఎనిమిదో పందెం 128 కావాలి, డీలర్ దాన్ని తీసుకోడు. అప్పటికి పోయింది 127 యూనిట్లు. ఒక్క సున్నా ఉన్న చక్రంలో 37 గదులు. ఎరుపు మీద కాస్తే 19 గదులు (18 నలుపు, ఒక సున్నా) మనకి వ్యతిరేకం. వరసగా ఏడుసార్లు ఓడే అవకాశం సుమారు 106లో ఒకటి. అంటే సగటున 105 వరసల్లో 105 యూనిట్లు వస్తాయి, ఒక్కదానిలో 127 పోతాయి. రెండు సున్నాలున్న చక్రంలో ఇది 89లో ఒకటి. అక్కడ 88 వస్తాయి, అదే 127 పోతుంది. వాళ్ల సిమ్యులేటర్‌లో ఈ గరిష్ఠ పరిమితి నింపడానికి గడే లేదు! అందుకే అందులో గ్రాఫ్ ఎప్పుడూ పైకే పోతుంది. ఈ ఒక్క లోపానికే నేను రెండు స్టార్లు తీసేశాను.

దీని గురించి మెయిల్ పెడితే, "లిమిట్ వస్తే పెద్ద టేబుల్‌కి మారండి" అని జవాబొచ్చింది. పెద్ద టేబుల్‌కీ గరిష్ఠం ఉంటుంది. మారితే ఇంకో రెండు మూడు మెట్లు దొరుకుతాయి, పోయే మొత్తం మాత్రం ఒక్కో మెట్టుకి రెట్టింపు పైనే అవుతుంది. పది మెట్లయితే 1023 యూనిట్లు.

నాకు బాగా బాధ కలిగించింది "వరస కోసం ఆగండి" అనే పాఠం. ఆరుసార్లు నలుపు పడ్డాక ఎరుపు మీద మొదలుపెట్టమంటారు. దానికి 1913 ఆగస్టు 18న మోంటే కార్లో కాసినోలో వరసగా 26సార్లు నలుపు పడిన కథ చెబుతారు. ఆ రాత్రి ఇప్పుడైనా ఎరుపు పడక తప్పదని నమ్మి కాసినవాళ్లే కదా డబ్బు పోగొట్టుకున్నది! 27వ స్పిన్‌కి కూడా ఎరుపు అవకాశం 37లో 18 మాత్రమే. మొదటి స్పిన్ నుంచి రెట్టింపు చేస్తూ వచ్చినవాడికి ఆ పందేనికి 6,71,08,864 యూనిట్లు కావాలి.

ఓడితే పందెం ఒక యూనిట్ పెంచి, గెలిస్తే ఒకటి తగ్గించే డాలంబేర్ పాఠంలో "మహా గణితవేత్త సూత్రం" అని ఊదరగొట్టారు. ఫ్రెంచి వాడైన డాలంబేర్ గొప్ప గణితవేత్తే, కానీ సంభావ్యతలో తడబడ్డాడు. నాణెం రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే అవకాశం 3/4 అయితే, 1754లో ఆయన 2/3 అని వాదించాడు. పేరు చూసి పద్ధతిని నమ్మకూడదు. ఫిబొనాచి (ఓడితే 1, 1, 2, 3, 5 వరుసలో ముందుకెళ్లే పద్ధతి) గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పందేలు నెమ్మదిగా పెరుగుతాయి, కోలుకోవడమూ అంతే నెమ్మది.

పరోలి కాస్త నయం. గెలిచినప్పుడే రెట్టింపు, మూడు గెలుపులకి ఆపడం. వరసకి జేబులోంచి పోయేది 1 యూనిటే. ఒక్క సున్నా ఉన్న చక్రంలో 11.5 శాతం సార్లు 7 యూనిట్లు వస్తాయి. అయినా కాసిన మొత్తంలో సగటున 2.7 శాతం హౌస్‌కి, అంటే కాసినోకి, పోతూనే ఉంటుంది. పందెం సైజు ఎలా మార్చినా ఆ శాతం మారదు.

బోనస్ వీడియోలో, గెలిచే అవకాశాన్ని బట్టి డబ్బులో ఎంత భాగం కాయాలో చెప్పే కెల్లీ సూత్రం పేరు చెప్పి, చేతిలో ఉన్నదాంట్లో 2 శాతం కాయమంటారు. 1956లో కెల్లీ ఇచ్చిన సూత్రంలో రౌలెట్ ఎరుపు అంకెలు వేసి చూడండి: 18/37 లోంచి 19/37 తీస్తే మైనస్ 1/37 వస్తుంది. అంటే అసలేమీ కాయొద్దని అర్థం. కెల్లీ పేరుతో ఇలా నేర్పడం అన్యాయం.

డీలర్‌గా నేను గమనించినది ఇంకొకటి. బ్లాక్‌జాక్ అనే పేకాటలో, పడిన కార్డులు లెక్కపెట్టి కాసినో మీద పైచేయి సాధిస్తున్నారని అనుమానం వస్తే సూపర్‌వైజర్ వచ్చి వెనక నిలబడేవాడు. రౌలెట్‌లో రెట్టింపు చేసేవాళ్ల దగ్గరికి ఎవరూ రాలేదు, వాళ్ల వల్ల కాసినోకి భయం లేదు కాబట్టి. పడిన నంబర్లు రాసుకోవడానికి కార్డు, పెన్సిల్ మేమే ఇచ్చేవాళ్లం.

డబ్బు వాపసు అడిగితే, షీట్ డౌన్‌లోడ్ చేశారు కాబట్టి కుదరదన్నారు. ఆ షరతు ఎక్కడో నిబంధనల అడుగున ఉంది, కొనేముందు చదవండి. మా తమ్ముణ్ణి మాత్రం ఆడొద్దనే చెప్పాను. సిమ్యులేటర్‌లో టేబుల్ పరిమితి గడి చేర్చి, "వరస కోసం ఆగండి" పాఠం తీసేసిన రోజు ఈ రేటింగ్ మారుస్తాను.